డ్రాగన్లు ఎగిరే కథలో ప్రయాణపు రోజుల లెక్క అడగడం తప్పా?

తొలిప్రతి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ముగ్గురం కలిసి ఎనిమిది ఎపిసోడ్ల ఫాంటసీ సిరీస్ ఒకటి రాస్తున్నాము. ఐదు ఎపిసోడ్లు పెద్ద ఇబ్బంది లేకుండా సాగాయి కానీ, ఆరోదాని దగ్గర మొదలైన వాదం మూడు వారాలుగా తెగడం లేదు. నా అభిప్రాయం సరైనదేనని నాకు గట్టిగా అనిపిస్తున్నా, కారణం చెప్పమంటే తడబడుతున్నాను. అందుకే మీ ముందుకు వచ్చాను.

ప్రశ్నకు అవసరమైనంత మేరకు కథ చెబుతాను. మా కథానాయిక చనిపోయినవారిని పిలిచి మాట్లాడించగలదు. పిలిచిన ప్రతిసారీ ఆమె జ్ఞాపకాల్లో ఒకటి శాశ్వతంగా పోతుంది. ఏది పోవాలో ఎంచుకునే వీలు ఆమెకు లేదు. మొదటి ఎపిసోడ్‌లో ఆమె ఒక్కసారి పిలిచి, తన ఇంటికి వెళ్ళే దారి మరిచిపోతుంది. ఆరో ఎపిసోడ్‌లో రాజుపై జరుగుతున్న కుట్ర బయటపడాలంటే ఒకే రాత్రి ముగ్గురిని పిలవాలి. నియమం ప్రకారం మూడు జ్ఞాపకాలు పోవాలి, పోతే తర్వాతి రెండు ఎపిసోడ్లలో ఆమె చేయవలసిన పనులు కుదరవు. ఆ రాత్రి ఏమి పోయిందో చూపించకుండా దాటేద్దామని, కథ వేగంగా నడుస్తున్నప్పుడు ఎవరూ అడగరని నా సహరచయిత అంటున్నారు.

రెండో సమస్య దూరానిది. రాజధాని నుంచి సరిహద్దు కోటకు పది రోజుల ప్రయాణమని మొదటి ఎపిసోడ్‌లో చెప్పాము. ఆ పది రోజుల్లో మందు అందక కోటలో ఒక పిల్లవాడు చనిపోతాడు కూడా. ఏడో ఎపిసోడ్‌లో అదే దూరాన్ని కథానాయిక గుర్రం మీద ఒక్క రాత్రిలో దాటుతుంది, ఎందుకంటే తెల్లవారేసరికి ఆమె కోటలో లేకపోతే మా ముగింపు జరగదు.

నేను అభ్యంతరం చెప్పిన ప్రతిసారీ ఒకటే జవాబు వస్తోంది: చచ్చినవాళ్ళు లేచి మాట్లాడితే నమ్మిన ప్రేక్షకుడు గుర్రం వేగం దగ్గర ఆగిపోతాడా అని. ఈ మాటకు నా దగ్గర సూటి సమాధానం లేదు. మీరైతే ఏమంటారు?

కథాసాక్షి

తొలిప్రతి గారూ, మీ సహరచయిత అడిగినది మంచి ప్రశ్నే, చాలా పాత ప్రశ్న కూడా. అసాధ్యమైనా నమ్మదగినదిగా ఉన్న సంగతిని, సాధ్యమే అయినా నమ్మబుద్ధి కాని సంగతి కంటే కవి మేలుగా ఎంచుకోవాలని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఏనాడో చెప్పాడు. చనిపోయినవారు మాట్లాడడం ఇందులో మొదటి కోవకు చెందుతుంది, పది రోజుల దారిని గుర్రం ఒక రాత్రిలో దాటడం రెండో కోవకు దగ్గరగా వస్తుంది. ప్రేక్షకుడు ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేయడు.

మొదటిదాన్ని మీరు అతణ్ణి అడిగి తీసుకున్నారు. ఈ లోకంలో మృతులు మాట్లాడతారు, దీన్ని ఒప్పుకుంటేనే కథ మొదలవుతుంది అన్నారు, అతడు ఒప్పుకుని కూర్చున్నాడు. ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ 1817లో అపనమ్మకాన్ని ఇష్టపూర్వకంగా పక్కన పెట్టడం అని పేరు పెట్టినది ఈ ఒప్పుకోలుకే. రెండోది అతడు ఇచ్చినది కాదు, మీరే చెప్పినది. పది రోజులు పడుతుందని మీ పాత్ర నోటితోనే చెప్పించి, ఏడో ఎపిసోడ్‌లో మీరే కాదంటున్నారు. అతడు భూగోళశాస్త్రం తిరగేసి మీ తప్పు పట్టడం లేదు, మీ మాటనే మీకు గుర్తు చేస్తున్నాడు.

ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ ఈ విషయంపై ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1939లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథల గురించి ఇచ్చిన ఉపన్యాసం తర్వాత వ్యాసంగా అచ్చయింది. అందులో పచ్చని సూర్యుడి ప్రస్తావన ఉంది. పచ్చని సూర్యుడు అనే మాట ఎవరైనా అనగలరు, ఆ సూర్యుడు సహజంగా అనిపించే లోకాన్ని కట్టడమే శ్రమ అంటాడాయన. అపనమ్మకాన్ని పక్కన పెట్టడమనే మాట ఆయనకు చాలలేదు. పాఠకుడు ఆ లోకం లోపలికి వెళ్ళి, అక్కడి నియమాల ప్రకారం నిజమైనదాన్ని నిజంగానే నమ్ముతాడని, ఆ నమ్మకం చెడిన క్షణంలోనే బయటికి వచ్చి పడతాడని ఆయన వాదన. అపనమ్మకాన్ని బలవంతంగా ఆపుకోవలసిన అవసరం అలా బయటపడ్డవాడికే వస్తుంది.

టెలివిజన్‌లో దూరాల విషయానికి గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే ఫాంటసీ సిరీస్ కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తోచడం లేదు. 2011లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లో రాజపరివారం ఉత్తరాన ఉన్న కోటకు చేరేసరికి, నెల రోజులుగా దారిలో ఉన్నామని రాణి విసుక్కుంటుంది. ఆ ఒక్క మాటతో లోకం పరిమాణం ప్రేక్షకుడి ఒంటికి తెలిసింది. 2017లో ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌లో, గడ్డకట్టిన సరస్సు మధ్య మృతుల సేన చుట్టుముట్టిన కొద్దిమంది కోసం ఒకడు వెనక్కి పరుగెత్తి కోట చేరతాడు, అక్కడి నుంచి కాకి కబురు ఎక్కడో దక్షిణాన ఉన్న దీవికి వెళుతుంది, అక్కడున్న మరో రాణి తన డ్రాగన్లతో బయలుదేరి సమయానికి వచ్చేస్తుంది. సరస్సు మీద వారు ఎన్ని రోజులు నిలబడ్డారో ఎక్కడా స్పష్టంగా లేదు. ఆ ఎపిసోడ్ దర్శకుడు ఆ తర్వాత ఇచ్చిన ముఖాముఖిలో, కాలం లెక్క కాస్త మసకబారిన మాట నిజమేనని ఒప్పుకుని, అసాధ్యమైనా నమ్మదగ్గవిగా తోచే సంగతుల మీద ఆధారపడ్డామని వివరించాడు. అరిస్టాటిల్ మాటే అది, కానీ పొరపాటు చోట వాడాడని నాకు అనిపిస్తుంది. డ్రాగన్ ఎగరడం గురించి ఆ మాట చెల్లుతుంది. కాకి వేగం గురించి చెల్లాలంటే, అంతకు ముందు ఆరు సీజన్లూ ఆ కాకి అంత వేగంగా ఎగిరి ఉండాలి.

దూరం పోతే ఏం పోతుందని మీ సహరచయిత అడగవచ్చు. ఆ సిరీస్ మొదటి సీజన్లలో దూరమే కథను నడిపింది. కబురు ఆలస్యంగా చేరేది, చేరేలోపు ఎవరో ఏదో నిర్ణయం తీసుకునేవారు, ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే దారి ఉండేది కాదు. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు ఉండగా చివరి రెండింటికి ఏడు, ఆరు మాత్రమే మిగిలాయి. దారిలో గడిచే సన్నివేశాలకు చోటు తగ్గినప్పుడు, ఆ సన్నివేశాలతో పాటు తొందరపాటు, పొరపాటు, ఆలస్యం అనే మూడు బలమైన కారణాలు కూడా కథ నుంచి జారిపోయాయి.

మీ కథలో సంగతి ఇంకా సూటిగా ఉంది. పది రోజుల దూరం వల్ల ఒక పిల్లవాడు చనిపోయాడు. ఏడో ఎపిసోడ్‌లో అదే దూరం ఒక రాత్రి దారి అయిపోతే, ఆ మందు కూడా ఒక రాత్రిలో చేరేదేనని అర్థం వస్తుంది. ఆ పిల్లవాడి చావుకు అప్పుడు కారణం ఉండదు, రచయితలు చంపారు కాబట్టి చనిపోయాడు అంతే. గుర్రం వేగం గురించి అడుగుతున్నట్టు కనిపించే ప్రేక్షకుడు నిజానికి అడుగుతున్నది ఆ పిల్లవాడి గురించి.

ఏడోతెర

కథాసాక్షి గారు చెప్పినదాంట్లో చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తూనే, ఒక విషయంలో విభేదిస్తున్నాను. నియమాన్ని ఒకసారి చెప్పిన తర్వాత ఎప్పటికీ కదపకూడదన్న భావన ఈ చర్చల్లో తరచుగా కనిపిస్తుంది. అది నవలకు సరిపోవచ్చు. ఏళ్ళ తరబడి, చేతులు మారుతూ నడిచే టెలివిజన్ కథకు నియమం మారే హక్కు ఉండాలి. అయితే ఆ మార్పు తెర మీద, పాత్రల ఎదుట, వారికి తెలిసి జరగాలి.

డాక్టర్ హూ అనే బ్రిటిష్ టెలివిజన్ సిరీస్ చూడండి. 1963లో మొదలైన ఆ సిరీస్‌లో, నాయకుడు చనిపోయే స్థితికి వచ్చినప్పుడు కొత్త శరీరం ధరించడమనేది 1966లో ప్రధాన నటుడు తప్పుకోవలసి వచ్చినప్పుడు పుట్టిన ఉపాయం. అటువంటి మార్పులు పన్నెండుకు మించి కుదరవని 1976లో ఒక కథలో వచ్చింది. అప్పటికి నాలుగో నటుడే ఆ పాత్రలో ఉన్నాడు కాబట్టి ఆ పరిమితి ఎవరికీ అడ్డు కాలేదు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఆ లెక్క గుమ్మం ముందు నిలబడింది. 2013 క్రిస్మస్ ఎపిసోడ్ రాసినవారు దాన్ని మరిచిపోయినట్టు నటించి దాటవేయవచ్చు. వారు అలా చేయలేదు. అదే ఏడాది కొత్తగా పరిచయమైన యుద్ధకాలపు రూపాన్ని ఒకటిగా, 2008లో శరీరం మారబోయి అదే ముఖంతో నిలిచిపోయిన సందర్భాన్ని మరొకటిగా లెక్కకట్టి, పన్నెండూ అయిపోయాయని పాత్ర చేతనే చెప్పించారు. ఇక మరో శరీరం లేదని తెలిసిన మనిషి ఒక చిన్న ఊరిని కాపాడుతూ శతాబ్దాల పాటు అక్కడే ముసలివాడవుతాడు. చివరికి అతని జాతివారు మళ్ళీ శరీరాలు మార్చుకునే కొత్త ఆవృత్తిని ప్రసాదిస్తారు. నియమం సడలిన మాట నిజమే కానీ, సడలే ముందు దాని బరువంతా ఆ ముసలితనంలో కనిపించింది. వరం అయాచితంగా వచ్చినట్టు నాకు అనిపించకపోవడానికి కారణం అదే.

మరొక మాట. పొందిక కావాలంటే అన్నీ వివరించాలని కొందరు అనుకుంటారు. మంత్రం ఎలా పని చేస్తుందో ప్రేక్షకుడికి తెలియకపోయినా నష్టం లేదు. అది దేనికి పని చేయదో తెలిస్తే చాలు. మీ కథానాయికకు ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పనవసరం లేదు. ఆమెకు ఎప్పుడు పిలవడం కుదరదో, ఎందుకు కుదరదో చెప్పాలి.

కంటిన్యూటీ పుస్తకం

నేను కొన్నేళ్ళు ధారావాహికల రచనా బృందాల్లో కంటిన్యూటీ చూసే పని, అంటే ఒక సన్నివేశంలోని వివరాలు మరో సన్నివేశంతో పొసిగేలా చూసే పని చేశాను. పై ఇద్దరూ సూత్రం చెప్పారు, నేను బల్ల దగ్గర జరిగేది చెబుతాను, ఎందుకంటే ఈ తప్పుల్లో ఎక్కువ భాగం రచయితలకు నియమం తెలియక జరిగేవి కావు.

నవలకు ఒకే మనసు ఉంటుంది. సిరీస్‌కు ఎపిసోడ్‌కొక రచయిత ఉండవచ్చు, దర్శకుడు వేరు కావచ్చు, ఏడో ఎపిసోడ్ సన్నివేశం రెండోదాని కంటే ముందు చిత్రీకరించవచ్చు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఎడిటింగ్. నేను పని చేసిన ఒక ఫాంటసీ ధారావాహికలో ఒక శాపం ఏ షరతు మీద తీరుతుందో చెప్పే సన్నివేశం స్క్రిప్టులో ఉంది, చిత్రీకరణ కూడా జరిగింది, నిడివి ఎక్కువైందని కోతలో పోయింది. బృందంలో అందరికీ ఆ షరతు కంఠతా తెలుసు కాబట్టి, ప్రేక్షకుడికి తెలియదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాలుగు ఎపిసోడ్ల తర్వాత శాపం తీరినప్పుడు, చూసినవారు దాన్ని రచయితల సోమరితనం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ షరతును కుదిరించడానికి మేము పడ్డ శ్రమ నాకు తెలుసు. అప్పటి నుంచి నా పుస్తకంలో స్క్రిప్టులో ఉన్నదాన్ని, తెర మీదికి చేరినదాన్ని వేర్వేరు రంగుల్లో రాసుకునేవాడిని.

ఆ పుస్తకంలో గాయాలు, దుస్తులు, ఆయుధాలు, చంద్రుడి తిథులు అన్నీ ఉండేవి. వాటిలో పొరపాటు జరిగినా కథ బతుకుతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో బల్ల మీద ఈ కాలపు కాఫీ కప్పు ఒకటి కనిపించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. నిర్మాణ సంస్థ రెండు మూడు రోజుల్లోనే దాన్ని డిజిటల్‌గా చెరిపేసింది, అంతటితో అయిపోయింది. అదే ఎపిసోడ్‌లో, డ్రాగన్ మీద ఆకాశం నుంచి చుట్టూ చూడగలిగే ఆ రాణికి ఎదురుగా శత్రు నౌకాదళం ఉన్నట్టు తెలియదు, ఆమె డ్రాగన్లలో ఒకటి కూలిపోతుంది. ఎపిసోడ్ తర్వాత వచ్చే వివరణలో సిరీస్ సృష్టికర్తల్లో ఒకరు, ఆమె ఆ నౌకాదళం సంగతి మరిచిపోయిందన్న అర్థం వచ్చేలా చెప్పారు. అంతకు కొంచెం ముందు జరిగిన సమాలోచనలోనే ఆ దళం ప్రస్తావన వచ్చింది. తర్వాతి ఎపిసోడ్‌లో, డ్రాగన్‌ను కూల్చిన ఆ భారీ బాణయంత్రాలే మిగిలిన ఒక్క డ్రాగన్‌ను తాకలేకపోతాయి. కప్పును చెరిపినట్టు దీన్ని చెరపడానికి ఏ సాధనమూ లేదు. కప్పు తప్పు కళా విభాగానిది. ఇక్కడ తప్పు ఒక పాత్ర బుద్ధిలో జరిగింది. ఆమె తెలివి, యంత్రాల గురి, రెండూ ఆ వారం కథకు ఏది కావాలో దాన్ని బట్టి మారాయి.

అందుకే నా పుస్తకంలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా నింపే వరుసలు రెండే. ఎవరికి ఏ విషయం ఏ సన్నివేశంలో తెలిసింది అనేది ఒకటి. ఒక శక్తి అందుబాటులో ఉండీ వాడని సందర్భాలు రెండోది. ఈ రెండోదాన్ని చాలామంది రాసుకోరు. శక్తిని వాడిన ప్రతి సన్నివేశాన్నీ పరీక్షిస్తారు, వాడితే క్షణంలో తేలిపోయే చోట ఎందుకు వాడలేదో పరీక్షించరు. తొలిప్రతి గారూ, ఆరో ఎపిసోడ్‌ను పక్కన పెట్టి, ఒకటికీ ఆరుకూ మధ్య మీ కథలో ఎవరెవరు చనిపోయారో ఒకసారి చూడండి. ప్రేక్షకుడు ఆ ప్రతి శవం దగ్గరా మీ కథానాయిక వైపు తిరిగి చూస్తాడు.

తొలిప్రతి

మీ జవాబు చదివి వెంటనే స్క్రిప్టు తెరిచాను. నాలుగో ఎపిసోడ్‌లో మంత్రి హత్య జరుగుతుంది. హంతకుడెవరో తెలియక ఎపిసోడ్ మొత్తం విచారణ నడుస్తుంది. మా కథానాయిక ఆ విచారణలో పాల్గొంటుంది, శవం ఉన్న గదిలో నిలబడుతుంది, ఒక్కసారి కూడా ఆయనను పిలవాలన్న ఆలోచన ఆమెకు గానీ, పక్కనున్నవారికి గానీ రాదు. ముగ్గురం కనీసం పదిసార్లు చదివాము, ఎవరికీ కనిపించలేదు. గుర్రం గురించి మూడు వారాలు వాదించుకున్న మేము దీన్ని చూడనే లేదు.

ఇప్పుడు నాకున్న సందేహం ఇది. ఆమె పిలవకుండా ఆపడానికి కొత్త నియమం ఒకటి చేర్చాలా? ఉదాహరణకు, హత్యకు గురైనవారు మాట్లాడరు అని. అలా చేర్చితే నాలుగో ఎపిసోడ్ నిలబడుతుంది.

నీలిమేఘం

అలా చేర్చకండి. ప్రతి చిల్లుకూ ఒక కొత్త నియమం అతికితే, ఆ అతుకులే ప్రేక్షకుడికి కనిపిస్తాయి. మీ దగ్గర ఉన్న నియమంలోనే జవాబు ఉంది. ఆమె ఇంటి దారి పోగొట్టుకున్న మనిషి. ఇంకొకసారి పిలిస్తే ఏమి పోతుందోనని ఆమె భయపడాలి. నాలుగో ఎపిసోడ్‌లో అందరూ ఆమెను పిలవమని అడగనివ్వండి, ఆమెను కాదననివ్వండి. ఆ నిరాకరణ వల్ల ఎవరో నిరపరాధి శిక్ష అనుభవిస్తే, ఆరో ఎపిసోడ్‌లో ఆమె ఒకే రాత్రి ముగ్గురిని ఎందుకు పిలిచిందో మీరు ఒక్క మాట కూడా చెప్పనవసరం లేదు.

నియమం పాత్రకు అడ్డం పడిన కొద్దీ అది నిజమైనదిగా తోస్తుంది. ఇది నాకు బాగా అర్థమైనది పిల్లల కోసం తీసిన ఒక యానిమేషన్ సిరీస్‌లో. 2005 నుంచి 2008 వరకు మూడు భాగాలుగా, 61 ఎపిసోడ్లు వచ్చిన అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్‌లో టాఫ్ అనే అంధ బాలిక ఉంటుంది. నేలలోని ప్రకంపనలను అరికాళ్ళతో గ్రహించి చుట్టూ ఉన్నదాన్ని తెలుసుకుంటుంది. ఇంత అందమైన శక్తిని ఇచ్చినవారు, దాని పర్యవసానాలను ఒక్కటి కూడా వదలలేదు. ఇసుక ఎడారిలో ఆమెకు అంతా మసకగా తెలుస్తుంది. నీళ్ళలో పడితే దిక్కు తోచదు. గాలిలో ఎగిరే మృగం మీద కూర్చుంటే ఆమెకు ఏమీ కనిపించదు. మూడో భాగంలో అరికాళ్ళు కాలినప్పుడు నిజంగానే గుడ్డిదవుతుంది. అరికాళ్ళు కాలడానికి ముందే ఆ హద్దును ఇన్నిసార్లు చూశాము కాబట్టి, రెండో భాగంలో లోహపు పెట్టెలో బంధించినప్పుడు ఆమె లోహాన్ని వంచడం మనకు అక్రమంగా తోచలేదు. లోహం కూడా శుద్ధి చేసిన మన్నేనని, దానిలో మిగిలిన మట్టిని ఆమె పట్టుకుందని అదే సమయంలో మరొక పాత్ర మాటల ద్వారా తెలుస్తుంది. కొత్త శక్తి పాత నియమంలో నుంచే పుట్టింది.

అదే సిరీస్ ముగింపు గురించి నాకు అసంతృప్తి ఉంది, దాన్ని కూడా చెప్పడం న్యాయం. శత్రువును చంపాలా వద్దా అన్న ధర్మసంకటాన్ని ఎన్నో ఎపిసోడ్లు పెంచి, చివరికి ఒక ప్రాచీన జంతువు వచ్చి, మనిషిలోని శక్తినే తీసివేసే విద్యను నాయకుడికి ప్రసాదిస్తుంది. ఆ జంతువు బొమ్మ రెండో భాగంలో గ్రంథాలయంలో కనిపించిందని సమర్థించేవారు ఉన్నారు. నిజమే, కనిపించింది. కానీ అది ఆ జంతువు ఉందని చెప్పిందే తప్ప, అది ఏమి ఇవ్వగలదో చెప్పలేదు. విత్తనం వేశామని అనుకునే రచయితలు చాలాసార్లు బొమ్మనే వేస్తారు.

ముగింపు నియమంలో నుంచి రావడమంటే ఏమిటో తెలియాలంటే మనకు బేతాళ కథలు చాలు. రాజు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవాలి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనభంగమై బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. రాజు ఎటు కదిలినా ఓడిపోయే బోను ఇది. ఆ బోను తలుపు చివరి కథలో తెరుచుకుంటుంది. ఒక తండ్రి ఒక అమ్మాయిని, అతని కొడుకు ఆ అమ్మాయి తల్లిని పెళ్ళాడితే వారి పిల్లలకు పరస్పరం ఏ వరుస అవుతుందన్న ప్రశ్నకు రాజుకు నిజంగానే జవాబు తెలియదు. తెలియదు కాబట్టి మాట్లాడలేదు, మాట్లాడలేదు కాబట్టి మౌనం భంగం కాలేదు, తెలిసి దాచలేదు కాబట్టి తలా పగలలేదు. ఏ దేవుడూ దిగి రాలేదు, ఏ నియమమూ సడలలేదు. ప్రతి ప్రశ్నలోనూ గెలిపించిన తెలివే ప్రతిసారీ శవాన్ని చేజార్చి ఓడించగా, తెలియనితనం ఒక్కసారికే గట్టెక్కించింది. మీ మూడు జ్ఞాపకాల సమస్యను ఈ కథ పక్కన పెట్టుకుని చూడండి. ఏడు, ఎనిమిది ఎపిసోడ్లలో ఆమె చేయవలసిన పనులకు ఆ జ్ఞాపకాలు అడ్డం వస్తున్నాయని మీరు అన్నారు. అవి నిజంగా అడ్డం వస్తే మీ ముగింపు ఎలా మారుతుందో మీరు ఇంకా ప్రయత్నించలేదు.

తొలిప్రతి

నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఈ మధ్యలో ముగ్గురం కూర్చుని ఆరో ఎపిసోడ్ నుంచి మళ్ళీ కట్టాము. కథాసాక్షి గారు పిల్లవాడి గురించి రాసిన పేరా నా సహరచయితకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత గుర్రం సన్నివేశాన్ని ఆయనే కొట్టేశారు.

ఇప్పుడు ఆరో ఎపిసోడ్‌లో మూడు నష్టాలూ తెర మీదే జరుగుతాయి. మొదటి పిలుపుతో తల్లి పాడిన జోలపాట పోతుంది. రెండో పిలుపుతో గుర్రపు స్వారీ మరిచిపోతుంది. అందువల్ల ఒక్క రాత్రిలో కాదు కదా, పది రోజుల్లో కూడా ఆమె సొంతంగా కోటకు వెళ్ళడం కుదరదు. సరుకుల బండిలో, ఇతరుల దయ మీద వెళ్ళాలి. ఆమె చేరేసరికి కోట పడిపోయి ఉంటుంది. మూడో పిలుపుతో ఏమి పోయిందో ఆమెకు తెలియదు, మనకూ ఆ రాత్రి తెలియదు.

ఏడోతెర

చాలా బాగుంది. ఒక్క చిక్కు మాత్రం చూసుకోండి. మొదటి ఎపిసోడ్‌లో పోయినది ఒక దారి, అంటే ఒక సమాచారం. స్వారీ ఒక విద్య, మనసు మరిచినా ఒళ్ళు గుర్తుంచుకునేది. జ్ఞాపకం అనే మాట రెండింటికీ వర్తిస్తుందని మీరు అనుకుంటున్నారు, ప్రేక్షకుడు అనుకోకపోవచ్చు. నీలిమేఘం గారు చెప్పిన బొమ్మకూ విత్తనానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. చేతికి అలవాటైన పని కూడా పోగలదని ఆరో ఎపిసోడ్ కంటే ముందే, కథకు ఏ అవసరమూ లేని చోట ఒకసారి చూపించండి.

కంటిన్యూటీ పుస్తకం

ఏడోతెర గారి మాటకు ఒకటి చేరుస్తున్నాను. ఆ సన్నివేశాన్ని ఎడిటింగ్‌లో కోయడానికి వీలు లేని చోట పెట్టండి. మరో ముఖ్యమైన సంగతితో ముడివేసి రాస్తే, దాన్ని తీసేయాలంటే ఆ రెండోది కూడా పోతుంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు.

తొలిప్రతి

ఇద్దరి సూచనలూ తీసుకున్నాము. మొదటి పిలుపు రాత్రే దారితో పాటు ఇంకేదో పోయిందని చెబితే ఒక పిలుపుకు ఒక జ్ఞాపకం అన్న మాట తప్పినట్టవుతుంది. అందువల్ల రెండో ఎపిసోడ్‌లో మరొక పిలుపు చేర్చాము. ఆ పిలుపు తర్వాత ఆమె తన చెప్పుల తాడు ముడి వేసుకోలేక, కాళ్ళ దగ్గర కూర్చుని చేతుల వైపు చూసుకుంటూ ఉంటుంది. ఒక సైనికాధికారి వంగి ముడి వేస్తాడు. వారిద్దరి స్నేహం అక్కడే మొదలవుతుంది కాబట్టి ఆ సన్నివేశాన్ని ఎవరూ కోయలేరు. నాలుగో ఎపిసోడ్‌లో ఆమె నిరాకరించడానికి కూడా ఇప్పుడు రెండు నష్టాల భయం ఉంది.

ఆరో ఎపిసోడ్‌లోని మూడో పిలుపు విషయం ఎనిమిదో ఎపిసోడ్ దాకా దాచాము. పడిపోయిన కోటలో మిగిలినవారిలో ఆ పిల్లవాడి తండ్రి ఉంటాడు. మందు సమయానికి తేలేకపోయినందుకు ఆమె మొదటి ఎపిసోడ్‌లో అతని ముందు ఏడ్చింది. అతడు ఆమెను గుర్తుపట్టి, తన కొడుకు పేరు చెబుతాడు. ఆమె మర్యాదగా, ఎవరో కొత్తవారితో మాట్లాడినట్టు, ఆ అబ్బాయి ఎవరని అడుగుతుంది. తండ్రి ఏమంటాడన్నది మాకు ఇంకా కుదరలేదు. రేపు ఉదయం ఆ సన్నివేశం నుంచే మొదలుపెడుతున్నాము.